ఆదివారం, ఆది కొలత

కార్తీక మాసం కదా, అపార్ట్‌మెంట్‌లో సగం మంది పొద్దున్నే గిన్నెలూ గరిటెలూ బస్సుకెక్కించుకుని వనభోజనాలకి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఓ పెద్ద నల్ల పెట్టె స్కూటీ ముందు నిలబెట్టుకుని, వెనక నాన్నని కూర్చోబెట్టుకుని గ్రౌండుకి బయల్దేరాను. లిఫ్టు దగ్గర ఎదురింటావిడ పెట్టె చూసి "గిటారు నేర్చుకుంటున్నావా?" అని అడిగింది. "కాదండీ, విల్లు" అన్నాను. నవ్వి ఊరుకుంది. నమ్మలేదనుకుంటా.

పెట్టెలో ఉన్నది కొత్త కాంపౌండ్ బో. చిట్టీ పాడిన డబ్బంతా దీని కిందే పోయింది. మావాడు ఆర్చరీ నేర్చుకున్న మూడేళ్ళూ గేటు పక్కన చెట్టు కింద కూర్చుని చూశాను. వాడు ఇంజినీరింగ్ హాస్టల్‌కి వెళ్ళిపోయాక కూడా ఆదివారం వచ్చేసరికి కాళ్ళు అటే లాగేవి. ఒకరోజు "మేడమ్, ఊరికే కూర్చోకపోతే మీరూ వెయ్యొచ్చుగా" అన్నారు కోచ్ గారు. అలా నలభై ఒకటో ఏట క్లబ్బు విల్లుతో మొదలుపెట్టాను. వేరే ఊళ్ళో అయితే నవ్వేవాళ్ళేమో. పెద్ద ఆర్చర్లు జ్యోతి సురేఖది ఈ ఊరే, ధీరజ్ బొమ్మదేవరది ఈ ఊరే. విజయవాడలో విల్లు పట్టుకుని రోడ్డెక్కితే ఆటోవాడు కూడా "ఎన్ని మీటర్లు వేస్తారు?" అని అడుగుతాడు. ఎదురింటావిడది భీమవరం, అది వేరే సంగతి.

నాన్న గుడివాడ నుంచి గురువారం వచ్చాడు. డెబ్భై మూడేళ్ళు. నలభై అయిదేళ్ళు మిషను తొక్కిన మనిషి. షాపు తీసేసి ఆరేళ్ళయినా చొక్కా జేబులో టేపు ఇంకా ఉంటుంది, కళ్ళజోడు పక్కనే.

గ్రౌండులో పెట్టె తెరవగానే ఆయన మొదట అడిగింది, "విల్లుకి ఈ చక్రాలేంటే?"

అమెరికాలో మిస్సోరీలో హోలెస్ విల్బర్ అలెన్ అనే ఆయన 1966లో దీనికి పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడనీ, 1969లో వచ్చిందనీ చెప్పాను. మామూలు విల్లు ఎంత లాగితే అంత బరువెక్కుతుంది. దీన్ని లాగితే మధ్యలో బరువెక్కి, చివరికొచ్చేసరికి ఆ చక్రాలు తిరిగి చాలా భాగం అవే మోస్తాయి. నా విల్లు ఇప్పుడు 36 పౌండ్లు, అంటే పదహారు కిలోల పైన. పూర్తిగా లాగాక నా చేతిమీద మిగిలేది తొమ్మిది పౌండ్లు, నాలుగు కిలోలు. మెట్ల మీద గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చి గట్టుమీద ఆనించినట్టు ఉంటుంది ఆ క్షణం. నాన్న అంతా విని, "మరి తేలికైతే దానికి అంత డబ్బెందుకు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నేను గ్లాసులో మంచినీళ్ళు తెచ్చుకునేలోపు ఆయన విల్లు చేతిలోకి తీసుకున్నాడు. బాణం లేదు. మూడు వేళ్ళతో నారి పట్టి లాగుతున్నాడు. అటునుంచి మా క్లబ్బు కుర్రాడు "తాతగారూ వదలొద్దు! వదలొద్దు!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. బాణం లేకుండా వదిలితే ఆ శక్తంతా విల్లులోకే తన్నుతుంది, లింబులు, అంటే విల్లు రెండు కొమ్మలూ, పగలొచ్చు, స్ట్రింగ్, అదే నారి, తెగి మొహాన కొట్టొచ్చు. నాన్న మెల్లిగా, మిషను పెడల్ ఆపినంత మెల్లిగా, వెనక్కి తెచ్చాడు. గ్లాసు నా చేతిలో వణికింది. చిట్టీకి ఇంకా ఎనిమిది నెలలు కట్టాలి.

ఈ కుర్రాడికి ఇరవై రెండేళ్ళు. రాష్ట్రస్థాయిలో వేస్తాడు, మిగతా టైమంతా అందరి సామానూ బాగుచేస్తుంటాడు. శనివారం సాయంత్రం నా విల్లు సెట్ చేసింది వీడే. నారికి డి-లూప్, అంటే లాగే కొక్కెం తగిలించే చిన్న తాడు ఉచ్చు, ముడి వేసి కొసలు లైటర్‌తో కరిగించాడు. విల్లుని వంచి పట్టే ప్రెస్‌లో బిగించి స్ట్రింగ్ పోగులు రెండుగా విడదీసి మధ్యలో పీప్ దూర్చాడు. పీప్ అంటే కంటికెదురుగా వచ్చే చిన్న చిల్లు బిళ్ళ, చొక్కా గుండీ అంత ఉంటుంది. లాగే కొలత ఎంత పెట్టమంటారక్కా అని అడిగితే "క్లబ్బు విల్లు ఎంతుందో అంతే పెట్టు, అలవాటైపోయింది" అన్నాను. ఇరవై ఏడు అంగుళాలు. కొత్త విల్లుకి పాతదే ఆది ఇచ్చానన్నమాట.

ఇవాళ పొద్దున పది మీటర్ల దగ్గర మొదటి ఆరు బాణాలూ చేటలో ఆరబోసిన వడియాల్లా పడ్డాయి. "అక్కా, ఎడమ భుజం దించండి." దించాను. మళ్ళీ ఆరు, అదే తంతు. "అక్కా, తల వెనక్కి పోతోంది." ఈ రెండు మాటలూ వీడు నాలుగు నెలలుగా చెబుతూనే ఉన్నాడు, నేను నాలుగు నెలలుగా దించుతూనే ఉన్నాను. పైగా థంబ్ రిలీజ్, అంటే నారికి తగిలించి లాగే చేతి కొక్కెం, నాకు కొత్త. బొటనవేలు మీట మీద మెల్లిగా ఒత్తాలి, ఎప్పుడు పోతుందో మనకే తెలియకుండా పోవాలి అంటారు. నాకు టార్గెట్ మధ్యలో పసుపు రంగు కనబడగానే ఏటీఎంలో పిన్ కొట్టినట్టు వేలు టక్కున నొక్కేస్తోంది. మూడో ఆరులో ఒకటి బట్, అంటే టార్గెట్ తగిలించే దిమ్మ, పక్కనుంచి గడ్డిలోకి పోయింది. అది వెతకటానికే పావుగంట పట్టింది.

నాన్న ప్లాస్టిక్ కుర్చీ నా వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. నేను లాగి నిలబడ్డప్పుడు లేచి దగ్గరికొచ్చి వీపు చూశాడు. ఆడపిల్లలకి జాకెట్టు సరిచూసేటప్పుడు ఎలా చూసేవాడో అలాగే, తాకకుండా, తల పక్కకి వంచి.

"చంక దగ్గర పట్టేస్తోందే నీకు. చెయ్యి పొడుగు చాలక భుజం ఎత్తి అందుకుంటున్నావు. నీది కాని చొక్కా వేసుకున్నట్టుంది."

కుర్రాడూ నేనూ మొహాలు చూసుకున్నాం.

టేపు బయటికొచ్చింది. "చేతులు చాచు. శిలువలా చాచకు, వదులుగా." ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొసదాకా పట్టాడు. టేపు అరవై అంగుళాలే, మిగతాది బొటనవేలు గుర్తు పెట్టి కలిపాడు. అరవై నాలుగు. కుర్రాడు ఫోను తీసి రెండున్నరతో భాగించాడు. ఆర్చరీలో లాగే కొలతకి మోటు లెక్క అదే. ఇరవై అయిదున్నర, పైన చిల్లర. నేను వాడుతున్నదానికీ దీనికీ దాదాపు అంగుళంన్నర తేడా. "ఇది ముందే కొలవాల్సిందక్కా, మీరు అలవాటంటే నేనూ..." అని వాడు నసిగాడు. తప్పు నాది. పక్కింటావిడ జాకెట్టు ఆదిగా ఇచ్చి, కుట్టినవాణ్ణి తిట్టుకునే బాపతు తప్పు. చిన్నప్పుడు మా షాపులో అలాంటివాళ్ళని చూసి నేను నవ్వేదాన్ని కూడా.

చక్రాలకి పక్కన మాడ్యూల్ అని ఓ చిన్న ముక్క ఉంటుంది. దాని మరలు అలెన్ కీతో వదులు చేసి, కొలత గీత జరిపి, మళ్ళీ బిగించాడు. పైచక్రానికీ కిందచక్రానికీ ఒకే గీత. ఒకటి మరిచిపోతే రెండు చక్రాలూ రెండు దారులు పడతాయట. బాణాలు మాత్రం మార్చనక్కర్లేదు. పొడుగుంటే ఫర్వాలేదు, పొట్టిగా ఉంటేనే ప్రమాదం. "లోపల గుడ్డ వదిలాడు, తెలివైనవాడే" అన్నాడు నాన్న.

కొలత మారేసరికి పీప్ కంటికి అందలేదు, పైకి పోయింది. నిన్న కట్టిన దారం విప్పాలి. నాన్న అలవాటుగా జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టేశాడు. "తాతగారూ, స్ట్రింగ్ దగ్గర కత్తెర వద్దు. ఒక్క పోగు తెగినా మొత్తం మార్చాల్సిందే." నాన్న కత్తెర లోపల పెట్టి సూది తీశాడు. కళ్ళజోడు ముక్కు మీదకి దించుకుని, మైనం పట్టిన ఆ సన్నదారాన్ని చుట్టు తర్వాత చుట్టు ఎత్తి విప్పాడు. కుర్రాడు పీప్‌ని కిందికి జరిపి, నన్ను కళ్ళు మూసుకుని లాగమన్నాడు, తెరిచి చూడమన్నాడు. నాలుగోసారికి తల వంచకుండా, మెడ సాచకుండా, చిల్లులోంచి సైట్, అంటే విల్లు ముందు గురి చూసేది, గుండ్రంగా కనబడింది. మళ్ళీ కట్టింది నాన్నే. ముందొక సగం ముడి, వెనకొక సగం ముడి, వరసగా. కాజా కుట్టినంత ఒత్తుగా వచ్చింది. కుర్రాడు గోటితో గీకి చూసి, "ఇది నా జన్మలో జరగదు" అన్నాడు. అంటే పీప్ జరగదని.

ఆ తర్వాత పేపర్ ట్యూనింగ్. ఒక చెక్క ఫ్రేముకి నిన్నటి న్యూస్‌పేపర్ అతికించి, రెండు మీటర్ల దూరం నుంచి దాంట్లోంచి బాణం వేయాలి. బాణం తిన్నగా పోతే గుండ్రటి చిల్లు, మూడు ఈకల గుర్తులు. వంకరగా పోతే పేపర్ చిరుగుతుంది, చిరుగు ఎటుంటే తోక అటు. నాకు రెండూ వచ్చాయి: పైకో చిరుగు, పక్కకో చిరుగు. నాన్న పేపర్ దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూస్తున్నాడు. చీర కొంగు మేకుకి తగిలి చిరిగిందా, లాగితే చిరిగిందా అని కనిపెట్టే మనిషి, ఆయనకి ఇది కొత్త చదువేం కాదు. పైచిరుగుకి కుర్రాడు బాణం ఆనే రెస్ట్‌ని ఒక్క గీత పైకి లేపాడు, అది పోయింది. పక్కచిరుగుకి మాత్రం మరలు ముట్టుకోలేదు. "అది విల్లుది కాదక్కా, మీ చెయ్యిది. మీరు బిందె చెవి పట్టుకున్నట్టు పట్టుకుంటున్నారు." వేళ్ళు వదులు చేసి, అరచేతిలో బొటనవేలి కింది మెత్త మీద మాత్రమే ఆనించి వేశాను. చిరుగు సగమైంది. మిగతా సగం సంగతి చేతికి చెప్పుకోవాలి.

మధ్యలో పులిహోర తిన్నాం. నాన్న టార్గెట్ మీద పది పాయింట్ల వలయం కొలిచి చూసుకున్నాడు. కాంపౌండ్ వాళ్ళు యాభై మీటర్ల నుంచి వేసే 80 సెంటీమీటర్ల ఫేస్‌లో, అంటే టార్గెట్ కాగితంలో, అది 8 సెంటీమీటర్లే, మూడంగుళాల పైన కాస్త. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, 2023లో, సురేఖ మూడు బంగారు పతకాలు తెచ్చిందనీ, సింగిల్స్ ఫైనల్లో కొరియా అమ్మాయి మీద 150కి 149 వేసిందనీ కుర్రాడు చెబుతున్నాడు. పదిహేను బాణాల్లో పద్నాలుగు పదులు. నాన్న పులిహోరలో పల్లీ ఏరుకుంటూ, "ఆ ఒక్కటీ ఏమైంది?" అన్నాడు. కస్టమర్ల దగ్గర ఒక్క మాట పడని మనిషి ఇలాగే అడుగుతాడు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ ఉంటుందని కుర్రాడు చెప్పినప్పుడు వాడి మొహం చూడాలి. నేనేమో పద్దెనిమిది మీటర్ల దగ్గర బట్‌కి తగిలించటమెలాగా అనే టెన్షన్‌లో ఉన్నాను.

తగిలాయి. ఆరుకి ఆరు. ఎడమ పక్క కింద, అన్నీ ఒక పళ్ళెంలో పట్టేంత దగ్గరగా. భుజం ఎక్కడుందో నాకు గుర్తే లేదు, అంటే దాని చోటులో అది ఉన్నట్టే. సంబరంగా సైట్‌ని కుడికి తిప్పబోయాను. "అటు కాదు, బాణం ఎటు పోతే సైట్ అటే" అన్నాడు కుర్రాడు. బుర్రకి ఎక్కదు గానీ నిజం. ఎడమకి, కిందికి తిప్పాక ఎరుపులో నాలుగు, పసుపులో ఒకటి. ఆ ఒక్కటీ ఎప్పుడు వదిలానో నాకే తెలియలేదు. ఆరోది తెలిసి మరీ నొక్కాను, నీలంలోకి పోయింది.

మధ్యాహ్నానికి ఓ యాభై అరవై బాణాలయ్యాయి. అప్పుడు పీప్ పక్కకి తిరిగిపోయింది. చిల్లు బదులు అంచు కనబడుతోంది. నా గుండె జారింది, ముడి వదులైందేమోనని. ముడి కాదట. కొత్త స్ట్రింగ్ కదా, కొన్నాళ్ళు సాగుతుంది, సాగినప్పుడల్లా మెలిక కాస్త విప్పుకుంటుంది, రెండు మూడు వారాలు ఇలాగే సరిచేసుకోవాలట. "తడపకుండా కుడితే ఇంతే మరి" అన్నాడు నాన్న, గుడ్డని తిట్టినట్టు.

ఇంటికొచ్చి స్నానం చేస్తే తెలిసింది, ఎడమ మోచేతి లోపల గుమ్మడిపువ్వంత కమిలింది. సాయంత్రం వనభోజనాల బస్సు దిగుతూ ఎదురింటావిడ అది చూసి "గిటారు వల్లేనా?" అంది.

రాత్రి స్ట్రింగ్‌కి మైనం రాద్దామని పెట్టె తెరిచాను. మూతలోపలి స్పాంజికి సూది గుచ్చి ఉంది. నల్లదారం ఎక్కించి, కొస ముడి వేసి.