కిటికీ పక్కన పాప: ఆరు వారాల ఫొటో సాధన

మొదటి వారం తీసిన 140 ఫొటోల్లో పాప కళ్లు స్పష్టంగా వచ్చినవి తొమ్మిదే. ఫోకస్ సరిగా పడలేదేమో అనుకున్నాను. పెద్దగా చేసి చూస్తే, తను కూర్చున్న చోట చాప అల్లిక గీతలతో సహా కనిపిస్తోంది, ముఖం, చేతులు మాత్రం సాగినట్టున్నాయి. ఫోకస్ బాగానే ఉంది, పిల్ల కదిలింది. ఆటో మోడ్‌లో కెమెరా షట్టర్ తెరిచి ఉంచే సమయాన్ని 1/60 సెకనుగా ఎంచుకుంటోంది. నాలుగేళ్ల పిల్లకి ఆ వేగం అస్సలు చాలదు.

రెండో వారం నుంచి సెట్టింగులు నేనే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లోకి మారి, ఐఎస్‌ఓ (కెమెరా కాంతికి స్పందించే స్థాయి) ఒక్కటీ ఆటోకి వదిలాను. కూర్చుని ఆడుకుంటుంటే 1/250, పరుగు మొదలైతే 1/500. అపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) మార్చకుండా 1/60 నుంచి 1/500కి వెళ్తే కాంతి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఐఎస్‌ఓ 400 ఉన్నచోట 3200 కావాలి. గ్రెయిన్ (ఇసుక రేణువుల్లాంటి చుక్కలు) వస్తుందని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఇప్పుడు రెండు రకాల ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే సందేహం లేదు. గ్రెయిన్ ఉన్నా నవ్వు నవ్వులాగే ఉంది.

అసలు మార్పు వచ్చింది మూడు, నాలుగు వారాల్లో, వెలుతురు వల్ల. ముందు గదిలో లైట్లన్నీ ఆపేశాను. పగటి వెలుగు, బల్బు వెలుగు కలిస్తే ఒక చెంప నీలంగా, ఇంకోటి పసుపుగా వస్తుంది, దాన్ని తర్వాత సరిచేయడం పెద్ద తలనొప్పి. ఎండ నేరుగా పడే వేళ పల్చటి తెల్ల కర్టెన్ వేస్తున్నాను. పాపని "ఇక్కడ కూర్చో, ఇటు చూడు" అని పిలవడం మానేసి, బొమ్మల్నే కిటికీకి ఒక మీటరు దూరంలో పెడుతున్నాను. తనే వచ్చి కూర్చుంటుంది. కిటికీ వెలుగు ముఖం మీద ఏటవాలుగా పడేలా నేను చోటు మార్చుకుంటాను. అప్పుడు కంటిలో చిన్న తెల్లటి మెరుపు కనిపిస్తుంది. అది కనిపించే దాకా షట్టర్ నొక్కడం లేదు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఆటలో తల దించితే కళ్ల కింద నీడ. బొమ్మలు గీసుకుంటుందని ఒక రోజు పెద్ద తెల్ల కాగితం నేల మీద పరిచాను. దాని మీద పడిన వెలుగు తిరిగి ముఖం మీదికి లేచింది! నీడ మెత్తబడింది, కళ్లు తెరుచుకున్నాయి. అప్పటి నుంచి తెల్ల దుప్పటి పరుస్తున్నాను. ఎర్ర చాప ఉన్నప్పుడు గడ్డం కింద ఎర్రటి ఛాయ ఎందుకొచ్చేదో కూడా అప్పుడే అర్థమైంది.

ఐదో వారం అపర్చర్. నాది ఏపీఎస్-సీ (మధ్యస్థ సైజు సెన్సర్) కెమెరా, 50 ఎంఎం లెన్స్. 1.5 మీటర్ల దూరంలో ఎఫ్/1.8 దగ్గర (ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) స్పష్టంగా ఉండే లోతు ఆరేడు సెంటీమీటర్లే. తల కాస్త తిప్పితే ఒక కన్ను మసకే. ఎఫ్/2.8కి వస్తే పది సెంటీమీటర్లు దొరుకుతోంది, అయినా వెనక గది మెత్తగానే ఉంటోంది. కంటిన్యుయస్ ఫోకస్ (పాప కదిలినా వెంట వెళ్లే ఫోకస్), కళ్లను పట్టుకునే ఆప్షన్ ఎప్పుడూ ఆన్‌లోనే. లెన్స్ తన కళ్ల ఎత్తులో ఉండాలి కాబట్టి నేల మీద పడుకునే తీస్తున్నాను.

ఈ వారం 96 తీస్తే 41 ఉంచుకున్నాను. బయట మాత్రం ఇంకా కుదరలేదు. చెట్టు కింద ఆకుల సందుల్లోంచి ఎండ ముఖం మీద మచ్చలుగా పడింది. సాయంత్రం సూర్యుణ్ణి తన వెనక ఉంచి తీస్తే జుట్టు అంచు వెలిగింది గానీ ముఖం నల్లబడింది. రేపు అదే వేళకి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 పెట్టి (కెమెరా ఎంచుకున్న దానికంటే వెలుగు పెంచి), తెల్ల దుప్పటి కూడా పట్టుకెళ్తాను.