గుడ్లగూబ దెబ్బతిని పడితే పిల్లలకు ఏ పని అప్పగించాలి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్లలో పెరిగే పిల్లలకు గుడ్లగూబ గురించి రెండు మాటలు చెవిన పడతాయి. సెలవులకు శ్రీకాకుళం వెళ్తే అమ్మమ్మ, అది ఇంటి మీద వాలితే కీడంటుంది. ఇక్కడ బడిలో ఒడియా స్నేహితులు లక్ష్మీదేవి వాహనమంటారు. గాయపడ్డ పక్షికి రెండు వైపులా ముప్పే. భయపడ్డవాళ్లు రాయి తీస్తారు, భక్తి కలవాళ్లు కుంకుమ పెట్టి నోట్లో పాలు పోస్తారు. అమ్మమ్మ మాట తప్పని పిల్లలతో వాదించక్కర్లేదు. చేతికి పనిస్తే చాలు.

ముందు, అది నిజంగా దెబ్బతిన్నదో కాదో చూడాలి. పగలు గోడ మీద కూర్చున్న గుడ్లగూబ చుట్టూ కాకులు గోల చేస్తుంటే అది గాయమని కాదు. కాకుల్ని అదిలించి వదిలేస్తే చీకటి పడ్డాక అదే పోతుంది. చింతచెట్టు తొర్రల్లో పుట్టే చిన్న గుడ్లగూబల పిల్లలు సరిగ్గా ఎగరడం రాకముందే బయటికొస్తాయి. ఈకలొచ్చి కాళ్ల మీద నిలబడితే, కుక్కకు అందని కొమ్మ మీద పెట్టండి. ఇంకా నూగుతోనే ఉంటే తొర్రలోకే చేర్చండి. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరకు రానివ్వదన్నది నిజం కాదు.

రెక్క వేలాడుతున్నా, రక్తం కనిపించినా, దగ్గరికెళ్లినా కదలకపోయినా పట్టుకోవాల్సిందే. ఈ పని పెద్దలది. ముక్కు కన్నా గోళ్లే ప్రమాదం. దళసరి తువాలు వెనకనుంచి తలతో సహా కప్పండి, చీకటైతే అది కుదుటపడుతుంది. రెక్కలు ఒంటికి ఆనించి, కాళ్లు గుడ్డతోపాటే పట్టుకోండి. రొమ్ము మాత్రం నొక్కకూడదు. పక్షి ఊపిరి తీయాలంటే రొమ్మెముక కదలాలి, గట్టిగా అదిమితే ఊపిరాడక చస్తుంది.

అట్టపెట్టె పిల్లల పని. తెల్ల గుడ్లగూబకు పక్కకు 40 సెంటీమీటర్లున్నది సరిపోతుంది. పక్షిని పెట్టకముందే పక్కల్లో పెన్సిలంత రంధ్రాలు పొడవాలి. అడుగున పోగులు ఊడని పాత నూలు గుడ్డ పరవాలి. వట్టి కాగితమైతే కాళ్లు చెరోపక్కకు జారిపోతాయి. మే నెల ఎండల్లో వెచ్చదనం ఇవ్వకండి, నీడ చాలు. తడిసి వణుకుతున్న చలికాలపు పక్షికైతే గోరువెచ్చని నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఒక మూలన పెట్టండి.

మాంజా చుట్టుకుంటే లాగొద్దు, విప్పొద్దు. రెండు వైపులా కత్తిరించి, చర్మంలో దిగిన ముక్కను డాక్టరుకే వదలండి. ఎలుకల జిగురు అట్టకు అంటుకుంటే ఖాళీ జిగురు మీద కాగితం కప్పి అట్టతోపాటే పంపండి. పాలు, నీళ్లు, అన్నం ఏవీ వద్దు. దాని శ్వాసనాళం నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఆ తర్వాతే అసలు కష్టం. ఒక్కసారి చూస్తానంటారు, పెంచుకుందామంటారు. మూత తీసినప్పుడల్లా పక్షి బెదిరి ఇంకా నీరసిస్తుంది, అందుకని కాపలా పిల్లలకే అప్పగించండి. పెంచుకునే మాటకు సూటిగా జవాబివ్వండి. మనిషి మొహం చూస్తూ పెరిగిన పిల్ల మనుషుల్నే తనవాళ్లనుకుంటుంది, మళ్లీ అడవిలో బతకలేదు. ఎముకల్లేని కోడిమాంసం తింటే సున్నం చాలక కాళ్లు వంకరపోతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రేమతో ఉంచుకున్నా నేరమే.

దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసు నంబరు ముందే ఫోన్‌లో ఉంచుకోండి. చాలా ఇళ్లలో మనకన్నా పిల్లల ఒడియానే బాగుంటుంది, ఫోన్‌లో వాళ్ల చేతే మాట్లాడించండి. ఏ వీధి, ఏ చెట్టు కింద, ఎన్నింటికి దొరికింది, ఏ రెక్కకు దెబ్బ తగిలిందో చెప్పి, అవే వివరాలు చీటీ మీద రాసి పెట్టెకు అంటించమనండి. కోలుకున్నాక దొరికిన చోటే సందెవేళ వదలాలి, ఆ చీటీ లేకపోతే ఎక్కడ వదలాలో ఎవరికీ తెలియదు.