వైద్యం కార్డు మీద, గది అద్దె మన మీద

క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్ అంటే నొప్పిగా ఉంటుందా అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఉండదు. బల్ల మీద పడుకోబెట్టి, చర్మం మీద వేసిన గుర్తులు సరిచూసుకుని, అందరూ బయటికి వెళ్లిపోతారు. మెషిన్ మన చుట్టూ తిరుగుతుంది. కాసేపటికి "అయిపోయిందమ్మా, దిగండి" అంటారు. కష్టమంతా ఆ బల్ల దాకా చేరడంలోనే ఉంది. శని, ఆదివారాలు తప్ప రోజూ వెళ్లాలి, వారాల తరబడి. మాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి వైపు. మెషిన్ ఉన్నది విశాఖపట్నం దాటాక, అగనంపూడిలో.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేసే కార్యక్రమానికి ఆడవాళ్లను తీసుకురమ్మని మాకు చెప్పారు. ఊళ్లో ఒక్కరూ కదల్లేదు. "ముందు నువ్వు చూపించుకో టీచరమ్మా, తర్వాత మేమొస్తాం" అన్నారు. సరే పదండి అని విలేజ్ క్లినిక్‌కి నేనే ముందు వెళ్లాను. అక్కడి సీహెచ్ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అమ్మాయి ఎడమ రొమ్ము దగ్గర చేయి పెట్టి చూస్తూ మాట్లాడడం ఆపేసింది. తర్వాత నెమ్మదిగా, "మేడం, మీరొకసారి పెద్దాసుపత్రికి వెళ్లాలి" అంది. ఆ రోజు నా వెనక వచ్చిన వాళ్లందరికీ ఏమీ లేదని తేలింది.

దగ్గర్లోని ఒక ప్రభుత్వాసుపత్రిలో రొమ్ముకు ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ మెషిన్ ఉంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. తీసే టెక్నీషియన్ డిప్యుటేషన్ మీద వేరేచోటికి వెళ్లారట. ఎప్పుడొస్తారో అక్కడ ఎవరికీ తెలియదు. నాకు కోపం వచ్చింది గానీ ఆశ్చర్యం కలగలేదు. పిల్లల బరువు చూసే మెషిన్ ఇచ్చి, అది పాడైతే ఎవరికి చెప్పాలో చెప్పని చోట ఏళ్లుగా పనిచేస్తున్నదాన్ని.

అగనంపూడిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. రెండో స్టేజి అన్నారు. మా వైపు పెద్ద రోగమంటే అందరికీ కిడ్నీయే గుర్తొస్తుంది, మా జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతం పుణ్యమా అని. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా 2023 డిసెంబరులో తెరిచారు. క్యాన్సర్ అనేసరికి మా వాళ్లకు ఎటు వెళ్లాలో తోచలేదు. ఒకరు వెల్లూరు అన్నారు, ఒకరు హైదరాబాద్ అన్నారు. మా అప్ప (అక్క) మాత్రం, "కన్నకూతుర్ని వదిలి అంత దూరం పోతావా, విశాఖలోనే చేయించుకో" అని గట్టిగా పట్టుపట్టింది. ఆ మాటే మంచిదైంది.

అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ముంబయి టాటా మెమోరియల్ సెంటర్‌కి శాఖ. దాన్ని నడిపేది కేంద్రంలోని అణుశక్తి విభాగం. "అణుశక్తి వాళ్లకి ఆసుపత్రేంటి?" అని మా ఆయన బోర్డు చూసి చాలాసేపు ఆలోచించారు. ముంబయి ఆసుపత్రి 1962 నుంచీ వాళ్ల కిందే ఉందని తర్వాత తెలిసింది.

ఆపరేషన్‌లో రొమ్ము తీసేశారు. దాని గురించి ఎక్కువ రాయను. కీమో గురించి అందరూ రాసిందే నాకూ జరిగింది: జుట్టు పోయింది, నోరు పూసింది, అన్నం వాసన పడేది కాదు. డబ్బు విషయంలో ఆరోగ్యశ్రీ కార్డు కాపాడింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మాదీ ఒకటి. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినా, ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర కూర్చుని అప్రూవల్ కోసం చూసే టెన్షన్ మారలేదు, కానీ అప్రూవల్ వచ్చింది.

కార్డు ఇవ్వనివి వేరే ఉన్నాయి. గది అద్దె, తిండి, ఆటో, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో చార్జీ పూర్తిగా మాఫీ, తోడు మనిషికి 75 శాతం రాయితీ. ఆసుపత్రిలో అడిగి ఆ ఫారం తప్పకుండా తీసుకోండి, మాకు అది ఆలస్యంగా తెలిసింది. దువ్వాడలో దిగితే ఆసుపత్రి దగ్గరే.

రేడియేషన్ రోజుల్లో నా పక్క గదిలో సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉండేది. అంగిట్లో పుండు. మా జిల్లా పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. ఆ వేడి, పొగ నేరుగా అంగిటికి తగులుతాయి. ఆమె కొడుకు గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీద పనిచేస్తాడు. తల్లి కోసం వేట వదిలి వచ్చాడు. కొన్ని వారాలకు చేతిలో డబ్బు అయిపోయింది. "ఏటి సేత్తాను తల్లీ, ఆడు పోతేనే కదా ఇంట్లో పొయ్యి ఎలిగేది" అని చెప్పి సగం కోర్సులో మూట కట్టుకుంది. ఆమె వైద్యానికి ఒక్క రూపాయి ఫీజు లేదు. ఆగిపోయింది గది అద్దె దగ్గర. రేడియేషన్ మధ్యలో ఆపితే మిగిలిన కణాలు మళ్లీ పెరగడం మొదలుపెడతాయని డాక్టర్లు ఎంత చెప్పినా అద్దె అడిగే మనిషికి ఆ మాట పనికిరాదు కదా. తర్వాత ఎవరో ఉచితంగా ఉండే చోటు చూపిస్తే తిరిగి వచ్చింది. మధ్యలో పోయిన రోజులు ఆమెను ఎంత దెబ్బతీస్తాయో ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పటి నుంచి "జిల్లాకో క్యాన్సర్ ఆసుపత్రి" అని ఎవరైనా ఉపన్యాసం ఇస్తే నాకు నమ్మకం కలగదు. రేడియేషన్ మెషిన్‌కి మీటరు దాటిన మందంతో కాంక్రీటు గోడల గది కట్టాలి. అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి ఉండాలి. ప్రతి రోగికీ డోసు లెక్కగట్టే ఫిజిసిస్ట్ ఉండాలి. కేంద్రం పథకంలో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి 120 కోట్ల దాకా, చిన్న కేంద్రానికి 45 కోట్ల దాకా ఇస్తారు, కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున. మన రాష్ట్రంలో కర్నూలుకు అలా ఒకటి మంజూరైంది. కానీ అది భవనానికీ పరికరాలకీ ఒక్కసారి ఇచ్చే డబ్బు. ఆ తర్వాత జీతాలు, మరమ్మతులు రాష్ట్రమే చూసుకోవాలి. గుడ్డ కప్పిన మెషిన్లు పుట్టేది అక్కడే.

కీమోకి మాత్రం అంత హంగు అక్కర్లేదు. మొదటి డోసులు పెద్దాసుపత్రిలో పడి, ఒంటికి సరిపడుతున్నాయో లేదో చూశాక, మిగతావి శిక్షణ ఉన్న నర్సు, డాక్టరు ఉంటే జిల్లా ఆసుపత్రిలోనే ఎక్కించవచ్చు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో కీమో ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే డేకేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామన్నారు, ఆ ఒక్క ఏడాదే 200. కీమో ఎక్కించుకుని, వాంతులు ఆపుకుంటూ రెండు జిల్లాలు దాటి ఇంటికొచ్చిన నాకు ఆ ఒక్క వాక్యం విలువ బాగా తెలుసు.

ఇప్పుడు క్యాన్సర్ తిరిగి రాకుండా రోజూ టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను, ఏళ్లపాటు వేసుకోవాలి. ఎడమ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వను, సూది వేయనివ్వను, ఆ చేత్తో బిందె ఎత్తను. చేయి వాచకుండా గోడ మీద వేళ్లు పాకించే ఎక్సర్‌సైజు ఉంది. అంగన్‌వాడీ సెంటర్‌లో పిల్లలు అది చూసి నాతోపాటు గోడ ఎక్కుతారు. జుట్టు రింగులు తిరిగి వచ్చింది, పిల్లలకు మహా ముచ్చట.

మొన్న సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టాను. రెండే అడిగాను: శ్రీకాకుళంలో కీమో ఎక్కించే చోట శిక్షణ ఉన్న నర్సులను బదిలీ చేయకుండా ఉంచడం, అగనంపూడి దగ్గర మా జిల్లా రోగులకు, తోడు వచ్చేవాళ్లకు కొన్ని గదులు. కౌంటర్‌లో అబ్బాయి చదివి, "మేడం, ఇవి రెండు శాఖలవి, విడివిడిగా రాయాలి" అన్నాడు. అక్కడే కూర్చుని విడివిడిగా రాసిచ్చాను.