పంచాయతీ నిధుల మీద చేసిన పీహెచ్‌డీ జర్నల్ దాకా చేరాలంటే

కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ చుట్టుపక్కల క్యాంపస్‌లలోనూ సమాఖ్య వ్యవస్థ మీద, స్థానిక ప్రభుత్వాల మీద చెమటోడ్చి చేసిన పరిశోధన ఎంతో ఉంది. వైవా అయ్యాక అది గట్టి అట్టతో లైబ్రరీ అరలోకి, పీడీఎఫ్‌గా శోధ్‌గంగలోకి (దేశంలోని థీసిస్‌లు దాచే వెబ్‌సైట్) వెళ్లి అక్కడే ఉండిపోతోంది. ఇది చిన్న నష్టం కాదు. ఊళ్లో క్యాష్‌బుక్ తిరగేసి చూసినవాళ్లు చెప్పాల్సిన సంగతిని ఇంకెవరూ చెప్పలేరు.

దాన్ని పేపర్‌గా మార్చి జర్నల్‌కు పంపితే తిరిగి రావడానికి ఇంగ్లిషు బాగాలేకపోవడమే కారణమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం ఎక్కువగా మొదటి పది పేజీల్లోనే ఉంటుంది. 1935 భారత ప్రభుత్వ చట్టం, కేంద్ర రాష్ట్రాల అధికారాలు పంచే ఏడో షెడ్యూలు, కేంద్ర రాష్ట్ర సంబంధాలపై సర్కారియా, పూంఛీ కమిషన్లు, పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, అందులోని 29 అంశాలు... ఇవన్నీ అయ్యాక గానీ మండలం పేరు రాదు. ఎడిటర్‌కు ఇవన్నీ తెలుసు. ఏడెనిమిది వేల పదాల పేపర్లో ఈ నేపథ్యానికి మూడు వందల పదాలు చాలు. అధ్యాయాన్ని కుదించడం కాదు, అందులోంచి ఒకే ప్రశ్న పైకి తీయాలి.

ఎలాంటి ప్రశ్న? కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే ఆర్థిక సంఘాల్లో 14వది గ్రామీణ గ్రాంటును గ్రామ పంచాయతీలకే ఇచ్చింది. 15వది మళ్లీ మండల, జిల్లా పరిషత్తులకూ వాటా పెట్టింది. 2021-22 నుంచి 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే ఖర్చు పెట్టాలంది. అయితే మండల పరిషత్తుకు డబ్బు వచ్చాక నిర్ణయించే అధికారం కూడా వచ్చిందా? ఒక మండలం, నాలుగు ఊళ్లు తీసుకోండి. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, ఈగ్రామ్‌స్వరాజ్ (పంచాయతీల ఆన్‌లైన్ లెక్కల పోర్టల్) వోచర్లు, మండల సర్వసభ్య సమావేశం మినిట్స్ పక్కపక్కన పెట్టండి. ప్రణాళికలో లేని పని వోచర్లో కనిపిస్తే, అది ఎవరి మాటతో వచ్చిందో వెతకడమే మీ పేపర్. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ గ్రామ పంచాయతీల్లో సర్పంచుల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన మొదలైంది. ఎన్నికైన పాలకవర్గం లేనిచోట ఈ గ్రాంటు రాదు కాబట్టి ఆ తర్వాతి లెక్కలను ముందువాటితో కలిపి సగటు తీయకూడదు.

సిద్ధాంతానికి కూడా వరంగల్‌ను మించిన ఉదాహరణ అక్కర్లేదు. రాజనీతి శాస్త్రవేత్తలు హూగ్, మార్క్స్ 2003లో బహుళస్థాయి పాలనను (అధికారం పలు స్థాయుల మధ్య పంచుకోవడాన్ని) రెండు రకాలుగా చూపించారు. గ్రామం, మండలం, జిల్లా, రాష్ట్రం అని ఒకదానిలో ఒకటి ఇమిడే అంచెలు మొదటి రకం. ఒక్కో పనికి ఒక్కో సంస్థ, హద్దులు ఒకదాని మీద ఒకటి పడటం రెండోది. ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ), స్మార్ట్ సిటీ కంపెనీ, ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆ రెండో రకానికి దగ్గరగా ఉంటాయి.

రివ్యూయర్ దగ్గర ఎక్కువగా దెబ్బతినేది జిల్లా పేరు. ‘వరంగల్ జిల్లా’ అంటే 2016 అక్టోబరు 11కు ముందు 35 లక్షల జనాభా ఉన్న ఉమ్మడి జిల్లా. ఆ తర్వాత అది ముక్కలై, వరంగల్ పేరు అర్బన్, రూరల్ జిల్లాలకు మిగిలింది. 2021 ఆగస్టు నుంచి అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అప్పుడు పేర్లే కాదు, మండలాలూ అటూఇటూ మారాయి. పోనీ ఇప్పటి జిల్లాలన్నీ కూడితే పాత వరంగల్ వస్తుందా అంటే రాదు. చేర్యాల, మద్దూరు సిద్దిపేటకు వెళ్లాయి. కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి కరీంనగర్ నుంచి వచ్చాయి. 2011 జనగణన అంకె పక్కన 2022 అంకె పెట్టే ముందు మండలాల వారీగా కూడి, ఏ ఏడాది హద్దులు తీసుకున్నారో పట్టిక కిందే రాయండి. రాయకపోతే దూరంగా ఉన్న రివ్యూయర్‌కు అది మీ లెక్క తప్పులాగే కనిపిస్తుంది.

జర్నల్ ఎంపికలో ఒక్క జాగ్రత్త. యూజీసీ గుర్తించిన జర్నళ్ల ‘కేర్’ జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దయింది, ఎవరైనా ఇంకా ‘కేర్ జర్నల్’ అంటే అడిగి తెలుసుకోండి. మూడు రోజుల్లో యాక్సెప్టెన్స్, ఫోన్‌పేలో ఫీజు అనేవాళ్ల జోలికి పోవద్దు. సమాఖ్య వ్యవస్థ మీద వచ్చే ‘పబ్లియస్’ లాంటి అంతర్జాతీయ జర్నల్‌కైతే ఇంకో దేశపు పాఠకుడికి ఇది ఎందుకు కావాలో మొదటి పేజీలోనే చెప్పాలి. ఒకేసారి రెండింటికి పంపకండి. సిమిలారిటీ (ఇతర రచనలతో పోలిక) పది శాతం దాటిందని కంగారుపడే ముందు శోధ్‌గంగలోని మీ థీసిసే తగిలిందేమో చూసి, కవర్ లెటర్లో ఆ సంగతి రాయండి.

రివ్యూయర్‌కు మీరెవరో తెలియకుండా, పంపే ముందు వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లోంచి మీ పేరు తీసేయాలి, ఇది చాలామంది చేస్తారు. మీతో మాట్లాడిన సర్పంచుల గుర్తింపు దాచే సంగతే మర్చిపోతారు. ఊరి పేరు మార్చినా, మండలం పేరు, ఎస్టీ మహిళా రిజర్వేషన్, 2019లో గెలుపు అని మూడు వివరాలు ఒకేచోట ఉంటే ఆ సర్పంచు ఎవరో అక్కడివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఎంపీడీవో మీద ఆమె చెప్పిన మాట రేపు ఆమె బిల్లును ఆపొచ్చు. అలాంటి మాటకు మండలం పేరు తీసేయండి, నాలుగు ఊళ్లకు కలిపి చెప్పండి. అచ్చు కాబోయే ఆ వాక్యాన్ని తెలుగులో ఆమెకు చదివి వినిపించి, సరేనన్నాకే ఉంచండి.