గంట విమానానికి పొద్దస్తమానం

"గంటే కదా బావా, కాఫీ తాగేలోపు దిగిపోతావు" అన్నాడు మా బావమరిది. హైదరాబాద్‌లో వాడి గృహప్రవేశానికి టికెట్ కూడా వాడే తీశాడు. వాడి లెక్క ప్రకారం విమానం ఒడిశాలోని రాయగడలో మా వీధి చివర ఎక్కాలన్నమాట.

విశాఖ నుంచి శంషాబాద్ ఆకాశం దారిన సుమారు 500 కిలోమీటర్లు, టికెట్ మీద గంటా పావు. అదీ గాల్లో ఉండే టైం కాదు. విమానం నిలబెట్టిన చోటు నుంచి కదిలింది మొదలు, అక్కడికెళ్లి ఆగేదాకా లెక్క. ఇల్లు వదిలి విశాఖ చేరేది మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు.

రైలు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం బాగానే దాటింది. సింహాచలం దగ్గర సిగ్నల్ లేక నిలబడిపోయింది. ఎయిర్‌పోర్టు అక్కడికి దగ్గరే. కిటికీలోంచి దిగుతున్న విమానం కనిపిస్తోంది, నేను మాత్రం ముందు విశాఖ స్టేషన్‌కి పోయి, మళ్లీ ఆటోలో ఎన్ఏడీ జంక్షన్ మీదుగా వెనక్కి రావాలి. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

సామాను కౌంటర్ విమానానికి గంట ముందే మూసేస్తారు. నేను వెళ్లేసరికి ఆ గంటలో నాలుగైదు నిమిషాలు గడిచాయంతే. కౌంటర్లో కుర్రాడు తల కూడా ఎత్తకుండా "క్లోజ్ సార్" అన్నాడు. ఫోన్లో బోర్డింగ్ పాస్ చూపించాను. "మీరు వెళ్లొచ్చు, పెట్టె వెళ్లదు." రైలు లేటని తెలుగులో చెప్పా, హిందీలో చెప్పా, కోపమొచ్చి ఒడియాలో కూడా చెప్పా. చేతిసంచికి ఏడు కిలోలే అన్నాడు. ఇక అందరి ముందు నేల మీద కూర్చుని పెట్టె విప్పాను. చెల్లెలికి పెట్టాల్సిన పట్టుచీర, పంచెల చాపు, తువ్వాల్లో చుట్టిన ఆవకాయ సీసా, అన్నీ బయటపడ్డాయి. పక్క లైన్లో ఒకావిడ తన పిల్లాడి మొహం అటు తిప్పింది, నేనేదో బట్టలు విప్పుతున్నట్టు! చీర సంచిలో కుక్కి, చొక్కా మీద ఇంకో చొక్కా తొడుక్కున్నాను. మర్రిపాలెంలో ఉండే మా చిన్నాన్న కొడుకుని పిలిస్తే బండి మీద వచ్చి పెట్టె పట్టుకెళ్లాడు. బంధువులంటే అలా ఉండాలి, ఉచిత సలహాలిచ్చే బావమరుదుల్లా కాదు.

ఆవకాయ మాత్రం వదలబుద్ధి కాక సంచిలోనే ఉంచాను. సెక్యూరిటీలో ఆపేశారు. "అచార్?" అని ఒక్క మాట అడిగి సీసా పక్కన పెట్టేశాడు ఆ జవాను. పెద్ద పెట్టెలో అయితే ఏ గొడవా లేకుండా వెళ్లే సరుకు. మా అమ్మ చేత్తో కలిపిన ఊరగాయ ఆ కౌంటర్ కుర్రాడి పుణ్యమా అని అక్కడే ఉండిపోయింది.

విమానం టైంకే కదిలింది, టైంకే దిగింది. శంషాబాద్ నుంచి పుష్పక్ బస్సులో కూకట్‌పల్లి చేరేసరికి ఆకాశంలో ఉన్నదానికంటే ఎక్కువ సేపే పట్టింది.

మన వైపు నుంచి వెళ్లేవాళ్లు విమానం ఎక్కే రోజున రైలు దిగే పని పెట్టుకోకండి. ముందు రాత్రే విశాఖ చేరి చుట్టాలింట్లో పడుకోండి. లేదంటే సంబల్‌పూర్ నుంచి నాందేడ్ వెళ్లే నాగావళి ఎక్స్‌ప్రెస్ రైలు ఉంది. రాయగడలో ఎక్కితే బండి మారకుండా హైదరాబాద్‌లోనే దిగొచ్చు. రోజూ ఉండదు, వారాలు చూసుకోవాలి. తిరుగు ప్రయాణానికి నేను దాంట్లోనే స్లీపర్ తీసుకున్నా, బావమరిదికి చెప్పకుండా.