మౌంటెన్ వ్యూలో అమ్మతో చూసిన నాటకం

2020 ఆరంభంలో, మా అమ్మ కాలిఫోర్నియాలో నా దగ్గర ఉన్నప్పుడు, మౌంటెన్ వ్యూలో ‘ది పియానిస్ట్ ఆఫ్ విల్స్‌డెన్ లేన్’ నాటకానికి ఆమెను తీసుకువెళ్ళాను. ఇంగ్లీషు అంతగా రాని అమ్మ, ఒక్క మనిషే నటిస్తూ, పియానో వాయిస్తూ విరామం లేకుండా నడిపే ఆ నాటకాన్ని ఎలా అనుసరించగలదోనని బెంగగా ఉండి, ముందు రోజు రాత్రి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కథను తెలుగులో చెప్పాను.

వియన్నాలో లీసా జూరా అనే పద్నాలుగేళ్ళ యూదు బాలికకు, 1938లో, నాజీల ఏలుబడిలో, ఇకపై యూదులకు పాఠం చెప్పే వీలు లేదని పియానో గురువు చెప్పేశాడు. అప్పట్లో నాజీల బారి నుంచి తప్పించి దాదాపు 10,000 మంది పిల్లలను బ్రిటన్ చేర్చిన కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ రైళ్ళలో, దర్జీ అయిన ఆమె తండ్రికి ఒకే ఒక్క చోటు దొరికింది. ఇంట్లో ముగ్గురు కూతుళ్ళు.

“ముగ్గురిలో ఒక్కదాన్ని ఎలా ఎంచుకున్నారే?” అంటూ అమ్మ చేతిలోని కాయను పక్కన పెట్టేసింది. నేను కథలో ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా దాచుకున్నాను.

వేదిక మీద బంగారు రంగు చట్రాల్లో పాత ఛాయాచిత్రాలు మారుతుండగా, లీసా కుమార్తె మోనా గొలాబెక్ తానే తన తల్లిగా మాట్లాడుతూ, తల్లి దగ్గర నేర్చుకున్న సంగీతాన్నే వాయించింది. లీసా ఏనాటికైనా కచేరీలో వాయించాలని కలగన్న గ్రీగ్ అనే స్వరకర్త ఏ మైనర్ కన్చెర్టో (పియానో, వాద్యబృందం కలిసి వాయించే రచన) మొదలై, పై స్వరాల నుంచి కిందికి ఒక్క ఊపున దూకినప్పుడు, అమ్మ ఒళ్ళో తాళం వేయబోయి, అది కుదరక, ఆ తర్వాత కళాకారిణి చేతుల మీది నుంచి చూపు తిప్పలేదు. అమ్మకు కూడా కీర్తనలు అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినవే.

సంగీతమే లీసాను బతికించిందని చాలామంది అంటారు. నాకు మాత్రం ఆమెను బతికించింది రైలెక్కించిన తల్లిదండ్రులూ, లండన్‌లో చేరదీసిన హాస్టలూ అనిపించింది. బతికిన ఆ పిల్ల పగలు కుట్టు కర్మాగారంలో పనిచేస్తూ కూడా రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చోటు సంపాదించుకునేంతగా నిలబడడానికి మాత్రం సంగీతమే కావలసి వచ్చింది.

కారు ఎక్కాక అమ్మ అడిగింది: “ఆ పిల్ల వాళ్ళమ్మను మళ్ళీ చూసిందా?”

నేను దాచుకున్నది అదే. “లేదమ్మా. అక్కచెల్లెళ్ళు బతికారు. తల్లినీ తండ్రినీ ఆష్విట్జ్ అనే నాజీ శిబిరంలో చంపేశారు” అన్నాను.

సీటు బెల్టు పట్టుకున్న చేయి అలాగే ఉండిపోయింది. బెల్టు నేనే పెట్టాను.