పాత నంబరు, కొత్త నంబరు

పర్లాకిమిడి, ఆదివారం రాత్రి

పొద్దున్న పది నుంచి పదకొండున్నర దాకా తప్పు వీధిలో తిరిగాను. వీధి అంటే పదకొండో క్రోమోజోము; తిరిగింది కంప్యూటర్ తెర మీద.

సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుకు మూలం ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారడం; ఆ చోటు 5248232 అని పాత నోటు పుస్తకంలో రాసుకున్నాను. డీఎన్‌ఏను తెర మీద చూపే ఐజీవీ ప్రోగ్రాములో ఆ అంకె కొట్టాను. వరుసలన్నీ, అంటే చదివిన డీఎన్‌ఏ ముక్కలన్నీ, బూడిద రంగే; పోల్చి చూసే రిఫరెన్సు డీఎన్‌ఏతో తేడా లేదన్నమాట. ఇది అభ్యాసానికి దొరికే నమూనా, జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి మారిన వాహకులదని ముందే తెలుసు. మరి తేడా ఏదీ? ఫైలు పాడైందనుకుని మళ్లీ దించుకున్నాను. మధ్యలో కరెంటు పోయింది, తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. నా అంకె మనిషి డీఎన్‌ఏకు 2009 నాటి పటం హెచ్‌జీ 19ది, తెర మీద తెరిచింది 2013లో వచ్చిన కొత్త పటం జీఆర్‌సీహెచ్ 38. ఇందులో అదే అక్షరం 5227002 దగ్గర ఉంటుంది. మా వీధిలో ఇళ్ల నంబర్లు మార్చిన ఏడాది మా ఉత్తరాలన్నీ మూలమీది కిరాణా కొట్టుకు చేరినట్టు, 21230 అక్షరాల అవతల తలుపు తట్టాను.

నేను వెళ్లి నిలబడింది గామా గ్లోబిన్ జన్యువు దరిదాపుల్లో. పుట్టబోయే బిడ్డ హిమోగ్లోబిన్ తయారీకి కావలసింది అదే. ఒడిశాలో సికిల్ సెల్ ఉన్న చాలామందిలో ఆ హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగా మిగిలి, జబ్బు తీవ్రతను కొంత తగ్గిస్తుంది. దారి తప్పినా చుట్టాలింటికే వెళ్లానన్నమాట.

సరైన చోట, వరుసల లెక్క చూపే పైనున్న కడ్డీలో కొంత ఎరుపు (టీ అక్షరం), కొంత పచ్చ (ఏ అక్షరం). 34 వరుసల్లో 18 టీ, 16 ఏ. పుస్తకాల్లో ఏ పోయి టీ వచ్చిందని ఉంటుంది, తెర మీద తిరకాసుగా టీ పోయి ఏ వచ్చింది. సికిల్ మార్పు ఉండే ఈ బీటా గ్లోబిన్ జన్యువు డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఎదురు పోగు మీద, కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. దాని బాణాలు ఎడమకు తిరిగి ఉండటం చూడకపోతే జీఏజీ జీటీజీగా మారిన మూడక్షరాల మాట కాస్తా సీటీసీ సీఏసీగా మారినట్టు కనిపిస్తుంది. ఇక దీనివల్ల ప్రోటీన్‌లో గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వాలీన్ చేరింది ఆరో చోటనా, ఏడో చోటనా? ప్రోటీన్ మొదట్లో ఉండే మెథియోనీన్‌ను లెక్కపెడితే ఏడు, వదిలేస్తే ఆరు. ఒక్క అక్షరానికి ఇన్ని చిరునామాలు ఎందుకో!

మధ్యాహ్నం గుణుపురం బండిలో పిన్ని కొడుకు, వదిన వచ్చారు. వదినకు ఐదో నెల. అక్కడ రక్తం పరీక్ష చేసి కార్డు ఇచ్చారట, దాని మీద ఏఎస్ అని ఉంది. నా తెర చూసి అడిగింది:

"ఇది నాదేనా?"

"కాదు వదినా, ఎవరిదో. కానీ నీది తీసి చూసినా ఇలాగే ఉంటుంది."

"సగం ఎరుపు, సగం పచ్చ. అంటే నాకు సగం జబ్బా?"

పొద్దుటి నుంచి అంకెలతో కుస్తీ పట్టానే కానీ ఈ ప్రశ్న నాకు తట్టలేదు. సగం జబ్బు కాదు, రెండు ప్రతుల్లో ఒకటి మారింది, రెండోది బాగానే ఉంది, ఏఎస్ అంటే అదే, నువ్వు వాహకురాలివి, మామూలుగా దీనితో ఇబ్బంది ఉండదు అన్నాను. తల ఊపింది కానీ కళ్లు పచ్చ రంగు మీదే ఉన్నాయి.

"మరి బిడ్డకు?"

"అన్నయ్యది కూడా ఏఎస్ అయితే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చేందుకు నాలుగో వంతు అవకాశం. అతని రెండు ప్రతులూ బాగుంటే ఆ భయం లేదు. అన్నయ్య చేయించుకున్నాడా?"

వదిన గుమ్మం వైపు చూసింది. అరుగు మీద కూర్చుని పనసతొనలు తింటున్న అన్నయ్య మాటలన్నీ విన్నట్టున్నాడు.

"నాకేమిటి, గుండ్రాయిలా ఉన్నాను!" అన్నాడు.

"గుండ్రాయివే. నువ్వు వాహకుడివైనా గుండ్రాయిలాగే ఉంటావు అన్నయ్యా, అదే చిక్కు" అన్నాను.

సూదంటే అతనికి చిన్నప్పటి నుంచీ భయం. వదిన ఏమీ అనలేదు. తన కార్డు తీసుకెళ్లి అతని చొక్కా జేబులో పెట్టి, తిరుగు బండి ఎన్నింటికని అమ్మను అడిగింది.